మా నాయన మునిగిన తొట్టి

మా అమ్మ చనిపోయిన ఎండాకాలంలో, డోన్‌కూ బేతంచెర్లకూ నడుమ భూమిలో మిగిలిన తడినంతా మా పెరట్లోకి తోలించినవాణ్ణి నేను. ట్యాంకరు వెనక ట్యాంకరు, ట్రాక్టరు వెనక ట్రాక్టరు. మా గేరి మొదట్లో వరస మొదలైతే చివరి బండి తారురోడ్డు మీద ఆగింది. ఎదురొచ్చిన కర్నూలు బస్సు డ్రైవరు దిగి, ఏ మంత్రి వస్తున్నాడని అడిగాడు. మంత్రి కాదప్పా, మా నాయన స్నానం చేస్తాండాడు అని చెప్పాను. ఈ కథ పొద్దున నడకకు వచ్చే నా తోటి ముసలోళ్ళకు చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఒక ట్యాంకరు పెరిగేది. వాళ్ళు నోరు తెరుచుకుని వినేవారు. నీళ్ళ గురించి ఏం చెప్పినా మా సీమలో నమ్ముతారు. నీళ్ళను కడుపునిండా చూసినోళ్ళం కాదు గదా, ఎన్ని ఉంటే ఎక్కువో మాకు తెలియదు.

పోయిన నెల మా రూతక్క ఊరినుంచి ఫోను చేసింది. అక్క నాకన్నా పెద్దది, మా పాత ఇంట్లోనే ఉంటుంది. కొడుకు వెనకవైపు బాత్రూము కట్టిస్తున్నాడనీ, అడ్డంగా ఉందని నాయన తొట్టి పగలగొట్టాలంటున్నాడనీ, చూసుకునేదుంటే వచ్చి చూసుకోమనీ చెప్పి పెట్టేసింది. నేను చొక్కా గుండీలు బస్సులో పెట్టుకున్నాను. పోయేసరికి తొట్టి కట్టెల మోపుల కింద ఉంది. మేనల్లుడు మోపులన్నీ ఎత్తేశాడు. నాలుగు నల్లబండలు నిలబెట్టి, కింద ఒకటి పరిచి, సందులకు సిమెంటు పూసిన తొట్టి. బిందెడు నీళ్ళు తెచ్చి గుమ్మరించాను. ఎండకు కాగిన బండ మీద నీళ్ళు పడితే ఒక వాసన వస్తుంది చూడండీ, సున్నమూ ఇనుమూ వానా కలిసిన వాసన. అది ముక్కుకు తగిలేసరికి నా వయసు ఎక్కడికి పోయిందో, చెప్పులు విడిచి తొట్టిలోకి దిగి వెల్లకిలా పడుకున్నాను. నాది మా నాయన ఎత్తే. వీపు ఆనింది, తల ఆనింది, కాళ్ళకు మాత్రం చోటు చాలలేదు. మోకాళ్ళు రెండూ గుట్టల్లాగా పైకి లేచాయి. తిరిగి లేవడం చేతకాలేదు. మేనల్లుడు చంకల కింద చేతులు వేసి లాగుతుంటే, అక్క అరుగు మీద కూచుని, వీడు పుట్టినప్పుడు కూడా ఇట్లే అడ్డం తిరిగినాడని పక్కింటామెకు చెప్తూ ఉంది.

ఇంక మా అమ్మ గురించి చెప్పాలి. చెప్పడం మొదలుపెడితే ఆపడం నా వల్ల కాదు. అమ్మ పేరు శాంతమ్మ. మా ఊరి బాప్టిస్టు గుడి, అంటే మా చర్చి, ఆమె పుట్టకముందునుంచే ఉందట గాని, ఆమె రాకముందు అది ఎట్లా నడిచిందో నాకు అర్థం కాదు. ఆమె పొయ్యి వెలిగించిందంటే మొదటి పని ఎసరు పెట్టడం కాదు. కొర్రలు గానీ జొన్నలు గానీ బియ్యం గానీ, ఆ పూట ఇంట్లో ఏ గింజలుంటే వాటిలోనుంచి ఒక పిడికెడు తీసి మూలనున్న దేవుని కడవలో వేసేది. ఆ తర్వాతే మాకు. ఆదివారం ఆ కడవ గుడికి పోయేది. ఇంట్లో గింజలు అడుగంటిన రోజుల్లో కూడా పిడికిలి చిన్నదయ్యేది కాదు, మా సంకటి ముద్దలు చిన్నవయ్యేవి. శనివారం సాయంత్రం తెల్లచీరకు గంజి పెట్టి కంపమీద ఆరేసేది. ఆ గంజివాసన, చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు వాసన, మరునాటి ఊరిబిండి పచ్చడికి వేయించిన చెనిగ్గింజల వాసన, మూడూ కలిస్తే మాకు శనివారం. క్యాలెండరు చూడాల్సిన పని లేదు.

ప్రార్థన ఆమెకు దేవుడితో పంచాయితీ. పొద్దుగూకగానే దీపం పెట్టి అందరినీ చాప మీద కూచోబెట్టి కళ్ళు మూసేది. ఇంట్లో జరిగినవన్నీ పైకి చేరవేయడం అప్పుడు మొదలయ్యేది. ప్రభువా, నా కొడుకు నిన్న బడి ఎగ్గొట్టి రేగుపండ్లకు పోయినాడు, నువ్వూ చూసింటావు, నేనూ చూసినాను. ప్రభువా, రూతు మొగుడింటి మాటలు ఈడ చెప్పి ఈడ మాటలు ఆడ చెప్తాంది, దాని నాలికకు కావలి పెట్టు. ఎదురు చెప్పడానికి లేదు, మాట్లాడుతున్నది మాతో కాదు గదా. సంకటి చల్లారిపోయేది. మా నాయన చాప మీద కూచునేవాడు కాదు, గడప మీద కూచుని బీడీ ఆర్పేసి వినేవాడు. ఒక్కో మాట దగ్గర గట్టిగా ఆమెన్ అనేవాడు, ముఖ్యంగా నన్ను గురించి చెప్పిన వాటికి. చివరకు అమ్మ, ఈయప్పను కూడా నీళ్ళ దగ్గరికి నడిపించు ప్రభువా, అనేది. అప్పుడు మాత్రం ఆమెన్ రాదు, దగ్గు వచ్చేది. ప్రతి సాయంత్రం ఆ మాట, ప్రతి సాయంత్రం ఆ దగ్గు. నేను చాలా ఏండ్లు అది బీడీ దగ్గనే అనుకున్నాను.

మా గుడిలో తలమీద నీళ్ళు చల్లితే బాప్తిస్మం కాదు. మనిషి తనంతట తాను ఒప్పుకుని నీళ్ళలోకి దిగాలి, పాస్టరు అయ్యగారు నిలువునా ముంచి లేపాలి. మా చుట్టుపక్కల ఏటికి నీళ్ళుండవు. కాబట్టి వానాకాలంలో బండల గని గుంతలు నిండినప్పుడు అక్కడే ముంచేవాళ్ళు. మా అమ్మ అట్లాంటి గుంతలోనే మునిగి లేచిందట. మా నాయన పుల్లన్న ఆ గనిలోనే బండలు కొట్టేవాడు. ఎండాకాలంలో ఆయన ఆ గుంత అడుగున సొంత ఇంట్లో తిరిగినట్టు తిరిగేవాడు. వాన పడి గుంతలో నీళ్ళు నిలిస్తే మాత్రం ఆ పక్కకు పోడు. వయసులో ఉండగా ఆయన జోడీ పనివాడు నీళ్ళు నిండిన గుంతలో కాలు జారి పడ్డాడు. నాయన చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి జారిపోయింది. అంతవరకే చెప్పేవాడు. స్నానం కూడా కూచుని భుజాల మీద పోసుకునేవాడు, ముఖం తడిగుడ్డతో తుడుచుకునేవాడు. తలమీద చెంబుతో పోసుకోగా నేను చూడలేదు.

దేవుడితో ఆయనకు పేచీ లేదు. గుడి నేలకు బండలు పరిచింది ఆయనే. ఆదివారం ఆరాధనంతా బయట వేపచెట్టు కింద కూచుని వినేవాడు, అందరి చెప్పులకూ కావలి. ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం మునిగినోళ్ళకే రొట్టె. అమ్మ తన ముక్క తిని, ఇంటికి వచ్చి, ఆ మధ్యాహ్నం ఆయనతో ఒకే పళ్ళెంలో జొన్నరొట్టె తినేది. మిగతా రోజుల్లో ఎవరి పళ్ళెం వాళ్ళదే. ఇదంతా ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటే. సమాధుల తోటకు చుట్టూ గోడ ఉంది, లోపల మునిగినోళ్ళకే చోటు. మిగిలినోళ్ళను వంక గట్టున పెడతారు. లోపలి సమాధుల మీద బండలన్నీ మా నాయన చెక్కినవే, ఆయనకు మాత్రం లోపల చోటు లేదు. ఒకరోజు రొట్టె తడుతూ అమ్మ ఆయనతో అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

“నేను గోడ లోపల, నువ్వు వంక గట్టున. రేపు కడబూర మోగి సచ్చినోళ్ళందరూ లేస్తే, నిన్ను యాడని ఎతుక్కునేది నేను?”

నాయన రొట్టె మాడుతోందని మాత్రం చెప్పాడు.

నాకు రాయచోటి దగ్గర బడిపంతులు ఉద్యోగం వచ్చిన కొత్తలో అమ్మకు షుగరు ముదిరింది. నెలకోసారి ఊరికి వచ్చేవాణ్ణి. వచ్చినప్పుడల్లా ఆమె ఇంకొంచెం తగ్గిపోయి కనిపించేది. బైబిలు తాను చదవడం మానేసి అక్కచేత చదివించుకునేది. అక్క గొంతు బాగుంటుంది కాబట్టి వింటోందనుకున్నాను. నేను వాకిట్లో అడుగుపెట్టగానే, దావీదూ, చెప్పులు అరిగినాయి, కొత్తవి కొనుక్కో, అనేది. అంత శ్రద్ధగా చూస్తోందే అని మురిసిపోయాను. ఆ ఎండాకాలం సెలవుల్లో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతే, ఇంటికి తీసుకుపోయి ఆమె అడిగింది పెట్టండి అన్నారు. ఆ మాటకు అర్థం చెప్పించుకోవాల్సినంత అమాయకులు ఎవరూ లేరు మా ఇంట్లో.

మరునాడు నాయన మంచం దగ్గర నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు, కూలి అడగడానికి పోయినప్పుడు నిలబడినట్టు.

“మే, అయ్యగారిని పిలిపిస్తా. ముంచమంటా.”

ఇన్నేండ్లు అడిగిన మనిషి ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

“నాకోసరమైతే వద్దయ్యా,” అంది అమ్మ. “దేవుడు ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. నీకోసరమైతే దిగు.”

“నాకోసరమే. నువ్వు ల్యాకపోతే సాయంత్రం పూట నేను ఎవురి మాటకు దగ్గల్ల?”

ఇంక చూడండి మా ఇంట్లో సంబరం. చావు గడపలో నిలబడి ఉంటే మేము పెండ్లి పనుల్లో పడ్డాం. అయితే ముంచడానికి నీళ్ళేవి? గని గుంతల్లో అడుగు పగిలి మేకలు పడుకుంటున్నాయి. కాలువ ఉన్నచోటికి అమ్మను కదిలించి తీసుకుపోలేం, ఆమె పక్కన లేకుండా నాయన దిగనన్నాడు. వానలు పడేదాకా ఆగుదామంటే, ఆమె ఆగదని అందరికీ తెలుసు. ఎవరో పుణ్యాత్ముడు, నీళ్ళు చల్లే గుడివాళ్ళను పిలిస్తే చెంబుడు నీళ్ళతో పని అయిపోతుంది గదా అన్నాడు. చల్లితే కళ్ళాపి అవుతుంది, బాప్తిస్మం కాదు అని అమ్మ మంచంలోనుంచే ఆ దారి మూసేసింది.

నాయన సమ్మెటా ఉలీ తీసుకుని పెరట్లోకి పోయాడు. గనినుంచి బండలు తెప్పించి తొట్టి కట్టడం మొదలుపెట్టాడు. తన నీళ్ళగుంత తానే కట్టుకున్నాడు. అమ్మ లోపల పడుకుని ఆ చప్పుడు వింటూ మాకు చెప్పేది, ఇప్పుడు అంచు చెక్కుతాండాడు, ఇప్పుడు నిలబెడుతాండాడు, ఇప్పుడు బీడీకి కూచున్నాడు అని. ఒక్కటీ తప్పేది కాదు. కానీ పొరపాటు జరిగింది, మా బండల మనుషులకే జరిగే పొరపాటు. కంటితో చూసి బండ కొలత చెప్పగల మా నాయన, జీవితమంతా ఎనుములు నీళ్ళు తాగే తొట్లు కట్టిన చేతులతో ఇదీ ఆ కొలతకే కట్టాడు. చెయ్యి తన అలవాటు ప్రకారం పోయింది. మనిషిని పడుకోబెట్టి చూడాలని ఆయనకు తోచలేదు, మాకూ తోచలేదు. ఎనుము ఎక్కడన్నా వెల్లకిలా పడుకుంటుందా?

ఇప్పుడు ట్యాంకర్ల సంగతి. ట్యాంకర్లు అన్నాను గదా. ఒక్కటే. మా ఊళ్ళో ఎండాకాలం నీళ్ళు తోలే మస్తాన్ సాయిబుది. బస్సు డ్రైవరు కూడా దిగలేదు, హారను కొట్టి తిట్టి పోయాడు. సంగతి చెప్పగానే మస్తాను ఎగిరి ట్రాక్టరెక్కాడు. “మీ నాయన నీళ్ళల్లో దిగేదా? వానొస్తే అరుగెక్కే మనిషి. డ్రైవరును పంపనప్పా దావీదూ, నేనే తోలుకొస్తా, నేను చూడల్ల.” ఆ ట్యాంకరు తూము కారుతుంది, బోరు దగ్గరనుంచి మా ఇంటిదాకా దారంతా తడి గీత గీసుకుంటూ వచ్చింది. గేరి ఆడవాళ్ళు ఆ గీత వెంబడి బిందెలతో వచ్చేశారు. వాళ్ళను ఎట్లా పొమ్మంటాం? ముందు వాళ్ళకు పట్టమని అమ్మ మంచంలోనుంచి చెప్పింది. బిందెలన్నీ నిండాక మిగిలినవి తొట్టికి. అంచుకు జానెడు తక్కువగా నిలిచాయి. చాలవేమోనని మస్తాన్ను ఇంకో ట్యాంకరుకు పంపి, నేను అయ్యగారి తువ్వాలు పట్టుకుని తొట్టి పక్కనే నిలబడ్డాను.

అమ్మ మంచాన్ని పందిరి కిందికి మోసుకొచ్చారు. గంజిపెట్టిన తెల్లచీర కట్టింది అక్క. నాయన తెల్లపంచెలో తొట్టిలోకి దిగాడు. చీలమండలకు నీళ్ళు తగలగానే ఆయన గడ్డం వణకడం చూశాను. సమ్మెట పట్టిన ఆ చేతులు తొట్టి అంచును పట్టుకుంటే, బండే పగులుతుందేమో అనిపించింది. అయ్యగారు అడగాల్సినవి అడిగారు. ఆయన అన్నిటికీ ఔనన్నాడు, ఒక్కసారి కూడా దగ్గలేదు. వీపుకింద చెయ్యి వేసి వెనక్కి వంచి ముంచారు. నాయన అయ్యగారి చొక్కా జేబును పట్టుకున్నాడు, అది చినిగి ఆయనతో పాటే మునిగి ఆయనతో పాటే లేచింది. అందరూ పాట ఎత్తుకోబోతున్నారు. అప్పుడు మా అమ్మ, నాలుగు రోజులుగా గుక్కెడు గంజి మింగలేని మా అమ్మ, మంచం మీద సగం లేచి, పందిరి గుంజలు అదిరేట్టు అరిచింది. మోకాలు మునగలేదయ్యగారూ, నా మొగుడి మోకాలు సైతానుకు వదిలిపెడతారా, మళ్ళీ ముంచండి అంది. నాయన ఆమె వైపు దీనంగా చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అప్పుడాయన తొట్టిలో మోకాళ్ళ మీద కూచుని, ముందుకు వంగి, తల కాళ్ళలోకి దూర్చుకుని, తనంతట తానే నీళ్ళ కిందికి పోయాడు. అయ్యగారి చెయ్యి వీపు మీద ఊరికే ఉంది. నీళ్ళు మూసుకున్నాయి. బయట ఏమీ మిగలలేదు.

ఆ తర్వాత వచ్చింది బల్ల ఆదివారం. అయ్యగారు రొట్టె ఇంటికే తెచ్చారు. ఇద్దరూ ఒకేసారి తిన్నారు. ఆ వారంలోనే ఒక పొద్దున, అక్క ఎసరు పెడుతుంటే, అమ్మ పిడికెడు తీశావా అని అడిగింది, తీశానని చెప్పేలోపలే పోయింది. నేనేడ్చాను. కానీ నిజం చెప్తున్నా, ఆ ఏడుపు అడుగున పండగలాంటిదొకటి ఉండింది, గెలిచినవాళ్ళ ఇంట్లో ఉండేలాంటిది. నాయన ఆమె సమాధిమీది బండ చెక్కి, పక్కనే తన కొలతకు చోటు గీసుకున్నాడు. ఈసారి పడుకుని చూసి మరీ గీశాడు. దేవుని కడవ పని ఆయనే తీసుకున్నాడు. ఆయన పిడికిలి పెద్దది కదా, కడవ ఆదివారానికి ముందే నిండేది. చాలా ఏండ్లు బతికాడు. ఇప్పుడు గోడ లోపల, ఆమె పక్కన ఉన్నాడు. కడబూర మోగితే ఆమె చెయ్యి చాపితే చాలు.

ఇప్పుడు మా గుడిలో లోపలే టైల్సు వేసిన తొట్టి ఉంది. కుళాయి తిప్పితే నీళ్ళు, మీట నొక్కితే వేణ్ణీళ్ళు. ఆరడుగుల మనిషి కాళ్ళు బారచాపి మునగొచ్చు. ఫొటోలు తీస్తారు, పొద్దుగూకేలోపల అవి ఫోన్లలో తిరుగుతాయి. నాకేమీ కోపం లేదు. ముసలోళ్ళకు జలుబు చేయదు, జేబులు చినగవు. అయితే ఇప్పుడు దిగేవాళ్ళ ముఖాలు చూస్తుంటాను, గడ్డం వణుకుతుందేమోనని. నీళ్ళకు భయపడేవాళ్ళు కనిపించడం లేదు. భయం లేకపోవడం మంచిదే అనుకోండి. కానీ మా నాయన దిగిన లోతు ఆ తొట్టికి లేదనిపిస్తుంది, కొలిస్తే అదే ఎక్కువ వచ్చినా సరే.

ఇంతవరకు రాసి, ఊరికి పోయి అక్కకు చదివి వినిపించాను. ఆమె అరుగుమీద చెనిక్కాయలు ఒలుస్తూ విన్నది. ట్యాంకర్ల దగ్గర నవ్వింది, కడవ దగ్గర కొంగుతో ముక్కు తుడుచుకుంది. అమ్మ లేచి అరిచిన చోటికి వచ్చేసరికి ఒలవడం ఆపేసింది.

“ఆపు రా. తొట్టి పక్కన నువ్వు యాడుంటివి? మస్తాను ట్రాక్టరెక్కి రొండో ట్యాంకరుకు పోయింటివి. నువ్వు వచ్చేతలికి నాయన తల తుడుచుకుంటాండె.”

పోయానేమో గానీ, అమ్మ అరిచిందని నాకు ఎవరో చెప్పారు గదా అన్నాను.

“ఎవురూ చెప్పల్యా, నువ్వే అల్లుకున్న్యావు. అమ్మకు ఆ ఎండాకాలానికి కండ్లే కనపడవు. నువ్వు ఉద్యోగం ఇడిసిపెట్టి వచ్చి కూచుంటావని ఆమె నీకు చెప్పనియ్యల్యా. ‘మునిగినాడా?’ అని నన్ను అడిగె. మునిగినాడమ్మా అంటి. అయ్యగారు కూడా సరే అనె. ఆమెకు అది చాలు, మాకూ చాలు. మోకాలు మునగల్యా అయ్యగారూ, ఆమెకు అబద్ధం చెప్పాకండి, మల్లా ముంచండి అని తొట్లో నుంచి అడిగినోడు నాయన. అది రాయి.”